పరువు పరుపులు లిమిటెడ్

“నమ్మకమే మా మూలధనం. బంధువులే మా ప్రజలు. ఏమైనా సరే, ఒక్క షేరు కూడా అమ్మం.”

చరిత్రలో నిలిచిపోవలసిన ఈ వాక్యాలు రాసినవాణ్ణి నేనే. నిలిచిపోలేదన్నది వేరే సంగతి. నిలబడటం మాట అటుంచి, కాసేపు కూర్చోవడానికైనా చరిత్ర వాటికి చోటివ్వలేదు.

నేనొక పత్రికాఫీసులో ప్రకటనలు రాస్తాను. పళ్ళపొడి దగ్గర్నుంచి పడవల దాకా ఎవరేం అమ్ముకోవాలన్నా వాళ్ళ తరఫున ఒట్లు పెట్టుకోవడం నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి పెడుతున్నాను, ఒక్క ఒట్టూ నాకు తగల్లేదు. అందుచేత మా బావమరిది కంపెనీ పెడుతున్నాడనగానే ప్రతిజ్ఞ రాసే పని సహజంగా నా నెత్తిన పడింది.

కంపెనీ అంటే పెద్ద పెద్ద పొగగొట్టాలు ఊహించుకునేరు. మా మామగారి పరుపుల దుకాణం. బజారు మలుపులో ముందొక గది, దాని వెనక దూది ఏకే గది. గోడ పొడుగునా చుట్టి నిలబెట్టిన పరుపులు, అటక మీద తలదిండ్లు, గుమ్మం పక్కన ఒక స్టూలు. స్టూలు మీద మామగారు. ఆయనకో పద్ధతుంది. తయారైన ఏ పరుపైనా ఆయన దానిమీద ఒకసారి పడుకోనిదే గుమ్మం దాటదు. చెప్పులు విప్పి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తారు. అటొకసారి, ఇటొకసారి పొర్లుతారు. “నడుం దగ్గర ఉండ కట్టింది, విప్పండి” అన్నారా, కుట్లన్నీ విప్పాల్సిందే. “ఊఁ” అన్నారా, బండెక్కించుకోవచ్చు. ఆ ‘ఊఁ’ కోసమే పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. పడుకుని జీతం తీసుకునేవాళ్ళని మా ఆఫీసులో బోలెడంతమందిని చూశాను గానీ, పడుకుని ఇంత ఒళ్ళొంచి పనిచేసే మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. పరుపులమ్మి పరువు సంపాదించినవాడు. తర్వాతి తరం పరువమ్మి ఏం సంపాదించిందో చెప్పడానికే ఈ కథ.

ఎదుటి వరసలో ఫోమ్ పరుపుల షాపు వెలిసింది. అద్దాల తలుపులు, చల్లటి గాలి, మెత్తటి సంగీతం. యజమానిని బజారంతా ఫోమ్‌గారు అంటారు. మనిషీ అలాగే ఉంటాడు. ఎక్కడ నొక్కినా లోపలికెళ్ళిపోతాడు, చెయ్యి తీయగానే మళ్ళీ యథాప్రకారం ఉబ్బుతాడు. ఆయనకి మా మామగారి దుకాణం మీద కన్నుంది.

“పెద్దాయనా, మీ గదులు నాకిచ్చెయ్యండి, గోడౌను చేసుకుంటాను. మిమ్మల్నీ ఉంచుకుంటాలెండి, కాపలాకి” అన్నాడొకసారి.

మామగారు ఊఁ అనలేదు. ఉహుఁ అని కూడా అనలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, పక్కనున్న పరుపు మీద పడుకుని పైకప్పుకేసి చూశారు.

ఈ పరిస్థితుల్లో మా బావమరిది ఎక్కడో ఒక సెమినార్‌కి వెళ్ళొచ్చాడు. సెమినార్‌కి వెళ్ళేముందు వాడు మామూలుగానే మాట్లాడేవాడు.

“బావా, మనం స్కేల్ అవ్వాలి.”

“ఎంత పొడుగు?”

“జోకులొద్దు బావా. పెద్ద కుట్టుమిషన్ కొనాలి. పరుపు ఇలా పెడితే అలా కుట్టిపడేస్తుంది. దానికి క్యాపిటల్ రెయిజ్ చెయ్యాలి.”

“అంటే అప్పు తీసుకుంటావా?”

“ఛ. అప్పంటే తీర్చాలి. ఇది షేర్లు. తీర్చక్కర్లేదు.”

తీర్చక్కర్లేని అప్పుకి ఇంత చక్కటి పేరుందని నాకు అంతవరకూ తెలియదు.

“నాన్నా, ఐపీఓకి వెళ్తున్నాం” అని వాడు ప్రకటించగానే మామగారు స్టూలు మీంచి లేచి నిలబడ్డారు.

“ఐపీ పెడతావా? మన ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఐపీ పెట్టలేదురా. అప్పులోళ్ళకి మొహం ఎలా చూపిస్తావు?”

“ఐపీ కాదు నాన్నా, ఐపీఓ. వేరే.”

“చివర్న ఓ తగిలిస్తే తప్పు తగ్గుతుందా?”

మొత్తానికి తగ్గుతుందనే నచ్చజెప్పాం. చిన్న చిన్న కంపెనీల షేర్లు ఇంట్లో కూర్చుని కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ ఒక యాప్ ఉందట. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే కొన్నట్టు, ఎర్ర బొత్తాం నొక్కితే అమ్మినట్టు. ఎవరు కొన్నారో, ఎవరమ్మారో తెరమీద కనపడదు. ధర మాత్రమే కనపడుతుంది. పేరు దాచి ధర చూపించే ఏర్పాటు కాబట్టి మర్యాదస్తులకి అనువైనది.

మామగారి వాటా సగానికి కాస్త తక్కువ. కంపెనీకి యువరక్తం కావాలని దాన్ని కొడుకు పేరనే పెట్టించారు. మిగిలిన సగానికి పైచిలుకు మేం బంధువులం తలా కాస్తా డబ్బు పెట్టి కొన్నాం. రూలు ఒకటే. ఎవరి చేతిలో సగానికి మించి షేర్లుంటే దుకాణం వాళ్ళది. రూలు వాళ్ళదైతే స్టూలూ వాళ్ళదే. అంటే మాలో తగినంతమంది ఎర్ర బొత్తాం నొక్కి, అవతల ఫోమ్‌గారు ఆకుపచ్చ బొత్తాం నొక్కితే, మామగారు మర్నాటి నుంచి కాపలా ఉద్యోగంలో చేరవచ్చు. అందుకే ప్రతిజ్ఞ.

ఖాతాలు తెరవడానికి ఒక ఆదివారం దుకాణంలో సమావేశమయ్యాం. పరుపుల మీదే కూర్చున్నాం. మా తోడల్లుడుగారున్నారు, పన్నుల శాఖలో అధికారి, ఎవరి ఆదాయాన్నైనా అనుమానంగా చూడటం వృత్తిధర్మం. మా ఆవిడ పిన్నిగారున్నారు. ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలు, నీతి పాఠం చెబితే పిల్లలు చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుంటారని పేరు. మా ఆవిడ ఒక మూల తలగడ గలేబులు కుడుతోంది. ఆ దుకాణంలోనే, ఆ దూదిలోనే పెరిగిన మనిషి; చేతిలో సూది లేకపోతే మాట్లాడ్డానికి తోచదు. సూది ఉంటే ఎదుటివాడికి తోచదు.

“అందరూ జాగ్రత్తగా వినండి” అన్నాడు బావమరిది. “షేర్లు కొనడానికేం అడగదు. అమ్మాలంటే మాత్రం ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవడికైనా చెప్పారో, ఖాతా ఊడ్చుకుపోతుంది. మా ఫ్రెండు మామగారు ఇలాగే చెప్పి ఇల్లు పోగొట్టుకున్నారు.”

సభలో కలకలం రేగింది.

“అలాంటివి నా ఫోనుకి రానివ్వను బాబూ. నా ఫోను చాలా శుభ్రంగా ఉంటుంది” అన్నారు పిన్నిగారు. కాసేపాలోచించి మా ఆవిడ వైపు తిరిగి, “అమ్మాయ్, నీ నంబరు రాస్తానే. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు” అన్నారు.

“నాదీ మరదలి నంబరే రాయవయ్యా. ప్రభుత్వోద్యోగి ఫోనుకి షేర్ల మెసేజీలొస్తే బాగుండదు” అన్నారు తోడల్లుడుగారు.

“ఎండీ ఫోను ఎప్పుడూ బిజీగా ఉంటుంది కదక్కా” అన్నాడు, అప్పుడే మేనేజింగ్ డైరెక్టరైన బావమరిది.

దొంగలు పడితే ఆవిడ ఫోను మీద పడతారు, మన ఫోను క్షేమంగా ఉంటుందన్నది ఎవరికి వారు మనసులో చేసుకున్న ఏర్పాటు. అందరూ రాస్తుంటే నేనొక్కణ్ణే రాయకపోతే భార్య మీద నమ్మకం లేనట్టుంటుందని నేనూ రాశాను. ఆ విధంగా కంపెనీ మొత్తానికి తాళాలన్నీ మా ఆవిడ మొలకి చేరాయి. ఆవిడ తన ఖాతాకి మాత్రం నా నంబరిచ్చింది.

“అందరివీ నాకొస్తుంటే మధ్యలో నాదేదో ఎలా తెలుస్తుంది? మీ ఫోను ఖాళీయే కదా, ఎవరూ చెయ్యరు” అంది.

ఆ తర్వాత అందరం లేచి, మామగారు అప్పుడే ‘ఊఁ’ కొట్టిన కొత్త పరుపు మీద చేతులుంచి, నేను రాసిన ప్రతిజ్ఞ చదివాం. పిన్నిగారి కళ్ళు చెమర్చాయి. తోడల్లుడుగారి గొంతు వణికింది. మా ఆవిడ సూదిలోకి దారమెక్కించుకుంటూ పెదాలు కదిపింది.

వచ్చిన మూలధనంతో కుట్టుమిషన్ కొనాలి గదా. దానికంటే ముందు దుకాణంలో ఒక మూల ఎండీగారికి అద్దాల క్యాబినూ, గిర్రున తిరిగే కుర్చీ, వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డూ అమిరాయి. ఆ మూలకి సరిపోయేసరికి ధనం అయిపోయింది. మూలధనమంటే అర్థం నాకు ఆ రోజే పూర్తిగా తెలిసింది.

ఆ తర్వాతొక సోమవారం పొద్దున్న యాప్‌లో మా షేరు తళతళలాడుతూ అమ్మకానికొచ్చింది. ఫోమ్‌గారు ఆత్రంగా కొనబోయాడో ఏమో, మొదటి గంటలోనే ధర మేం పెట్టినదానికి ఎంతో పైకెక్కి కూర్చుంది.

ఇక్కడొక మాట స్పష్టం చెయ్యాలి. నేను అమ్మలేదు. అమ్మకమనేది చాలా మోటు మాట. నా వాటాని నగదులోకి అనువదించుకున్నాను. మా ఆవిడ స్నానానికెళ్ళగానే ఆవిడ ఫోను తీసి, ఓటీపీ చూసి, నొక్కి, మెసేజీ చెరిపేసి, ఫోను మళ్ళీ గలేబుల కింద ఎలా ఉందో అలా పెట్టాను. పట్టుబడే అవకాశమే లేదు. డబ్బు వెళ్ళి బ్యాంకు ఖాతాలో పడింది. నాకున్న ఖాతా ఒక్కటే. అది మా ఇద్దరి ఉమ్మడి ఖాతా. ఆ ముక్క నాకా క్షణంలో గుర్తు రాలేదు. లాభం చూసిన మగాడు తనకి పెళ్ళయిన సంగతి కాసేపు మర్చిపోవడం సహజం.

స్థిమితపడి, బంధువుల గ్రూపులో ఒక సందేశం పెట్టాను: “ధర చూసి ఎవరూ ప్రలోభపడకండి. మన మాట, మన బాట.”

దానికి తోడల్లుడుగారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. పెట్టిన మరుక్షణం మా ఆవిడ ఫోను మోగింది.

ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ ఫోన్లు మాట్లాడుతుంది. అందుకని స్పీకరు పెట్టుకుని, మెసేజీలు కూడా ఫోనే పైకి చదివేలా అమర్చుకుంది. ఎవరో మహిళ, వార్తలు చదివే గొంతుతో చదువుతుంది.

“అమ్మాయ్, నేను బావగార్ని. నీ ఫోనుకొక నంబరొస్తుంది, కాస్త చెప్పమ్మా. షేర్లకి కాదులే. గ్యాసుకి.”

ఆయన మాట పూర్తవకుండానే ఫోనులో మహిళ అందుకుంది: “పరువు పరుపులు లిమిటెడ్ షేర్ల అమ్మకానికి మీ ఓటీపీ...”

“వచ్చింది బావగారూ, గ్యాసుది. రాసుకోండి” అని మా ఆవిడ అంకెలు చెప్పింది.

“ఎవరికీ చెప్పకమ్మా.”

“చెప్పనండి.”

మధ్యాహ్నానికి పిన్నిగారు. “ఏమే, బళ్ళో పిల్లలకి మాట నిలబెట్టుకోవడం గురించి చెప్తున్నా. చప్పున ఆ నంబరేదో చెప్పు, బెల్లయిపోతుంది. గ్యాసుదిలే.”

“రాసుకో పిన్నీ.”

“ఎవరితో అనకు.”

“అనను.”

ఆ వారమంతా అంతే. దూరపు మేనత్త, దగ్గరి పెదనాన్న, ఇద్దరి మధ్యా మాటల్లేని దాయాదులు. అందరూ గ్యాసే. మంటే రాజుకోలేదు గానీ, బండలు మాత్రం ఖాళీ అయిపోతున్నాయి. నేను పేపరు చాటునుంచి అమాయకంగా అడిగాను.

“ఏమిటోయ్, మీవాళ్ళందరికీ ఒక్కసారే గ్యాసా?”

“కడుపులో ఉన్నట్టుందండీ. దాచుకోలేకపోతున్నారు.”

“ఎవరెవరు?”

“చెప్పనని మాటిచ్చాను” అని మిషను జోరు పెంచింది.

నా వైపు తిరిగి చూడనైనా లేదు. నేను క్షేమం అనుకున్నాను. పైగా నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. అంటే తను అమ్మలేదన్నమాట. పాపం, ఎర్ర బొత్తాం ఎక్కడుందో తెలిసినట్టు లేదు అని జాలిపడ్డాను.

అందరూ అమ్మేస్తే ధరేమవుతుంది? మెట్లు దిగింది, మెట్లయిపోయాక నేలమాళిగలోకి దిగింది. ధర ఎంత కిందకి వెళితే గ్రూపులో ప్రతిజ్ఞలు అంత పైకి లేచాయి. “వజ్రసంకల్పం” అన్నారు పిన్నిగారు. “ఇదంతా అంతర్జాతీయ పరిస్థితుల ప్రభావం” అన్నారు తోడల్లుడుగారు. లోకంలో ఉన్న మా షేర్లన్నీ ఆ గ్రూపులో ఉన్నవాళ్ళవే. అమ్మితే గిమ్మితే ఆ గ్రూపులో ఉన్నవాళ్ళే అమ్మాలి. ఆ లెక్క అందరికీ తెలుసు. అయినా అందరం కలిసి అంతర్జాతీయ పరిస్థితుల్ని తిట్టాం.

“ఎవరో అమ్ముతున్నారు బావా” అన్నాడు బావమరిది తిరుగుడు కుర్చీలో దిగులుగా తిరుగుతూ. “మనవాళ్ళు కాదనుకో.”

“మనవాళ్ళెందుకమ్ముతారు?” అన్నాను గట్టిగా.

“మరి కొంటున్నదెవరు?”

దానికి జవాబు ఎదుటి వరస అద్దాల తలుపులు తీసుకుని బయటికొచ్చింది. ఫోమ్‌గారు చేతిలో కొలత టేపుతో మా దుకాణంలోకొచ్చి, అటు గోడ నుంచి ఇటు గోడకి కొలుచుకున్నాడు. స్టూలు అడ్డమొస్తే, “కాస్త లేస్తారా పెద్దాయనా” అన్నాడు.

మామగారు లేచారు. స్టూలు పక్కకి జరిపారు. కొలవడమయ్యాక స్టూలు మళ్ళీ ఎప్పటి చోటుకి లాక్కుని, కూర్చోకుండా, దానిమీద చెయ్యేసి నిలబడ్డారు. ఆ పూట వచ్చిన పరుపు మీద పడుకున్నారు గానీ ఊఁ అనడం మర్చిపోయారు. కొనుక్కునే మనిషి ఎదురుచూసి, ఎదురుచూసి, “ఏవండీ, బాగానే ఉందా?” అని ఆయన్నే అడగాల్సొచ్చింది.

ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. నా ఒక్కడివల్ల ఏమవుతుంది అని సర్దిచెప్పుకున్నాను. అందరూ అదే అనుకుని ఉంటారని కూడా తోచింది. ఆ రెండో ఆలోచన మొదటిదాన్ని ఎంతకీ నిద్రపోనివ్వలేదు.

వాటాదార్ల సర్వసభ్య సమావేశం దుకాణంలోనే పెట్టారు. నేను రాసిన ప్రతిజ్ఞ గోడకి బ్యానరై వేలాడింది. వచ్చినవాళ్ళంతా టీ, బిస్కెట్లు తీసుకుని పరుపుల మీద కూర్చున్నారు. అమ్మేసినవాళ్ళంతా ముందు వరసలో కూర్చోవడంతో వెనక వరసలో ఎవరూ మిగల్లేదు. మా ఆవిడ తండ్రి స్టూలు పక్కన గలేబులు ముందేసుకుని కూర్చుంది. ఫోను ఒళ్ళో ఉంది.

ఫోమ్‌గారు ఫైలొకటి చంకన పెట్టుకుని వచ్చి, “నేనూ మీ కుటుంబసభ్యుణ్ణే. నాలుగు షేర్లున్నాయి” అని మెత్తగా కూర్చున్నాడు.

ముందు నేను ప్రతిజ్ఞ చదివాను. చదవడం నా వృత్తి కాబట్టి కళ్ళు చెమర్చేలా చదివాను. తర్వాత ఎండీ లేచాడు.

“ఈ దుకాణం నాకు కన్నతండ్రి లాంటిది” అన్నాడు, కన్నతండ్రి పక్కనే కూర్చుని ఉండగా. “ఎవరెన్ని ఆశలు చూపించినా, ఎండీగా, కొడుకుగా, నా ఊపిరున్నంతవరకూ...”

అలా అంటున్నవాడి ఎడమచెయ్యి బల్లకింద ఏదో చేస్తోంది. దురదేమో అనుకున్నాను. ఫోమ్‌గారి కుడిచెయ్యి కూడా జేబులో కదులుతోంది. ఆయనకీ దురదే అనుకున్నాను. నేను ఎవరి గురించీ చెడుగా ఆలోచించను. ముఖ్యంగా నా గురించి.

“...ఒక్క షేరు కూడా...” అన్నాడు బావమరిది.

మా ఆవిడ ఒళ్ళోంచి మహిళ గొంతు ఖంగుమంది: “పరువు పరుపులు లిమిటెడ్. మేనేజింగ్ డైరెక్టర్ గారి ఖాతా. మొత్తం షేర్ల అమ్మకానికి మీ ఓటీపీ...”

అంకెలు రాకముందే మా ఆవిడ బొటనవేలితో నోరు నొక్కేసింది. ఫోనుది.

బిస్కెట్ల చప్పుడు ఆగిపోయింది.

“తమ్ముడూ, నీ నంబరొచ్చింది. చెప్పమంటావా?” అంది సూది మీంచి చూపు ఎత్తకుండా.

“ఏం నంబర్రా?” అన్నారు మామగారు.

“గ్యాసు నాన్నా.”

“దుకాణంలో పొయ్యి ఎక్కడుందిరా?”

ఫోమ్‌గారు జేబులోంచి చెయ్యి తీసి, “కానివ్వండి బాబూ, ధర మాట్లాడుకున్నదేగా. మీ వాటా నాకొస్తే నాది సగం దాటిపోతుంది. నంబరు కాసేపే పనిచేస్తుంది” అని తొందరపెట్టాడు.

అంతా ఆ నంబర్లో ఉంది. మామగారి స్టూలు, దూది గది, ఆ ‘ఊఁ’, మా ఆవిడ పుట్టిల్లు. చెబితే తమ్ముడి మాట దక్కుతుంది, తండ్రి చోటు పోతుంది. మా ఆవిడ సూది ఆపి తమ్ముడి మొహంకేసి చూసింది. అడగరా, చెబుతాను అన్నట్టు చూసింది. వాడు తండ్రి చెప్పులకేసి చూశాడు. అలవాటుగా విప్పి, స్టూలు కింద జంటగా పెట్టి ఉన్నాయి.

“వద్దక్కా” అన్నాడు. కుర్చీలో కూలబడితే అది వాణ్ణి గిర్రున తిప్పి గోడకేసి నిలబెట్టింది. గోడతోనే చెప్పుకున్నాడు. “నేనొక్కణ్ణే మునిగిపోతానేమోనని భయమేసింది. వీళ్ళంతా అమ్మేశారని నాకు తెలుసు.”

“ఎవరమ్మారు? ఏం మాటలవి?” అని లేచారు పిన్నిగారు.

“పరువునష్టం దావా వేస్తాను” అన్నారు తోడల్లుడుగారు.

“అమ్మాయ్, నువ్వే చెప్పు. మేం అమ్మామా?”

మా ఆవిడ దారం పళ్ళతో తెంపింది.

“నేనెవరి సంగతీ చెప్పను పిన్నీ. చెప్పనని మాటిచ్చాను.” గలేబు మడిచి పక్కన పెట్టి, “అందరికీ” అంది.

ఆ ‘అందరికీ’ గదంతా తిరిగి ఒక్కొక్కళ్ళ దగ్గరా ఆగింది. పిన్నిగారు కూర్చున్నారు. తోడల్లుడుగారు దావా ఉపసంహరించుకుని టీ అందుకున్నారు.

ఫోమ్‌గారు ఉబ్బడం మానేసి కంగారుపడ్డాడు. “అందరూ అమ్మితే కొన్నదెవరు? నేను మొదటిరోజు కొన్నది కొంచెమే. ఇంకా పడనీ, అడుక్కొచ్చాక కొందామని కూర్చున్నాను.”

“నేను. మీరు కూర్చున్నప్పుడు” అంది మా ఆవిడ.

“నీకు డబ్బెక్కడిది?”

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నేనే. మనిషికి నోరుండటం ఎంత ప్రమాదమో, ప్రకటనలు రాసి బతికేవాడికి వేరే చెప్పాలా?

“మన ఖాతాలో పడిందిగా అండీ. మొదటిరోజే, ధర మాంచి ఎత్తులో ఉన్నప్పుడు. ఎవరో పుణ్యాత్ముడు వేశాడు. ఆ డబ్బుకి తర్వాత అందరివీ వచ్చాయి.”

మెడలు తిరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మొదటివాడు ఎవడు అన్న ప్రశ్న ఇన్నాళ్ళూ తీరనిది, అప్పుడు తీరింది. పుణ్యాత్ముడు మామగారి పద్ధతిలో పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకి అడ్డంగా, గోడ మీద, పుణ్యాత్ముడు రాసిన బ్యానరే వేలాడుతోంది.

మామగారు నెమ్మదిగా లేచారు. కొడుకు కుర్చీని ఇటువైపు తిప్పారు.

“నా వాటా మళ్ళీ నా పేరన రాయించు. ముసలిరక్తమే కానీ, కాస్త చిక్కగా ఉంటుంది.” కూతురి వైపు తిరిగారు. “నీదీ నాదీ కలిస్తే ఎంతమ్మా?”

“సగానికి చాలా పైన నాన్నా.”

“ఊఁ” అన్నారు.

ఫోమ్‌గారు ఫైలు చంకన పెట్టుకుని, నొక్కు పడ్డచోట సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

మా బంధువులకి తేరుకోవడానికి ఒక టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. “ఆడపిల్ల చేతికి రావాలనే అమ్మాను. ఫోను దాని దగ్గరుందని తెలిసే కదా దాని నంబరిచ్చాను” అన్నారు పిన్నిగారు. “ఇదంతా ఒక వ్యూహం. ముందే చెబితే ఫోమ్‌కి తెలిసిపోతుందని చెప్పలేదు” అన్నారు తోడల్లుడుగారు. “పెట్టుబడి సమకూర్చింది నేనే” అని నేనూ వినమ్రంగా గుర్తుచేశాను. అబద్ధం కాదు కూడా. ఆ ఉత్సాహంలో అందరం లేచి, పరుపు మీద చేతులుంచి, ఒక్క షేరు కూడా అమ్మమని మళ్ళీ ప్రతిజ్ఞ చేశాం. ఈసారి అక్షరాలా నిజం. అమ్మడానికి మాలో ఎవరి దగ్గరా ఒక్కటీ లేదు.

కథ ఇక్కడితో అయిపోతే మేం పరువుగా బయటపడేవాళ్ళం.

అమ్మేవాళ్ళు లేని సరుకు కావడంతో షేరు ధర మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టింది. మామగారి ‘ఊఁ’ తిరిగొచ్చిందని బజారులో తెలిసింది, బేరాలు పెరిగాయి, ధర మేడెక్కింది. గ్రూపులో ప్రతిజ్ఞలు ఆగిపోయాయి. పిన్నిగారు మా ఇంటికి తరచుగా రాసాగారు. తోడల్లుడుగారు “ఊరికే, ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని” అంటూ ధర అడిగారు. నేను మాత్రం అలాంటి చవకబారు పనులు చెయ్యలేదు. గదిలో తలుపేసుకుని, ఫోన్లో ఆకుపచ్చ బొత్తాం నొక్కి, ఎంత ధరకైనా సరే కొంటానని ఆర్డరు పెట్టి, దుప్పటి కప్పుకున్నాను. కొనడానికి ఓటీపీ ఉండదు గనక ఈసారి నిజంగానే క్షేమం.

సరిగ్గా అప్పుడు, ఖాతాలు తెరిచిన నాటినుంచీ ఎప్పుడూ మోగని నా ఫోను మోగింది.

ముందు గదిలో కుట్టుమిషను ఆగింది.

“ఏమండీ, మీ ఫోనుకొక నంబరొచ్చినట్టుంది. కాస్త చెబుదురూ.”

“దేనికి?”

“గ్యాసుకి.”

తెర మీద చూశాను. వాళ్ళ నాన్న స్టూలు కదలనన్ని అట్టేపెట్టుకుని, దుకాణానికి పెద్ద కుట్టుమిషన్ కొనిపెట్టేటన్ని అమ్ముతోంది. నేను అమ్మిన ధరకి పై మేడ మీద, ఆ మేడకి పై డాబా మీద ఉంది ధర. నోరెత్తకుండా అంకెలన్నీ వరసగా చెప్పాను.

“ఎవరికీ చెప్పకండి” అంది.

“చెప్పను” అన్నాను.

మరుక్షణం నా ఫోను మళ్ళీ వణికింది. అభినందనలు, మీ కొనుగోలు పూర్తయింది, అని. డబ్బెక్కడ్నించి పోయిందా అని చూస్తే మా ఉమ్మడి ఖాతాలోంచి. ఎక్కడికి వెళ్ళిందా అని చూస్తే మా ఉమ్మడి ఖాతాలోకి. దారిలో యాప్‌వాడు తన కమీషన్ తను తీసుకున్నాడు.

ముందు గదిలో మిషను మళ్ళీ టకటకలాడింది. దాని మీంచి మా ఆవిడ గొంతు ఆప్యాయంగా వినిపించింది.

“అమ్ముడైపోయాయండీ. ఎవరో ఎంతకైనా సరేనని అడిగి మరీ కొన్నాడు పాపం. ఆ పుణ్యాత్ముడే అయ్యుంటాడు.”